ఎన్3 పాసైనా నోరు పెగలట్లేదా? ఫోన్ కెమెరాతో జపనీస్ స్పీకింగ్ ప్రాక్టీస్ ఇలా చేయండి

ఫ్రంట్ కెమెరా అనగానే మనకి గుర్తొచ్చేవి సెల్ఫీలు, రీల్స్, వీడియో కాల్స్. మొబైల్ రివ్యూల్లో కూడా దాని గురించి రాసేది స్కిన్ టోన్ ఎలా ఉంది, పోర్ట్రెయిట్‌లో జుట్టు అంచులు సరిగ్గా కట్ అయ్యాయా అన్నంతవరకే. ఈ ఆర్టికల్‌లో అదే కెమెరాని పూర్తిగా వేరే పనికి వాడదాం. జపనీస్ నేర్చుకునేవాళ్లు తమ వీడియోలు తామే తీసుకుని, చూసుకుని, సరిచేసుకుని మళ్లీ తీసుకుంటే మాట్లాడటం ఎంతవరకు మెరుగవుతుంది? దానికి ఎలాంటి ఫోన్ కావాలి, ఏ సెట్టింగ్స్ పెట్టాలి, ఏ యాప్స్ పనికొస్తాయి? 8 వారాలు చేసి చూసి రాస్తున్నాను.

ముందుగా ఈ ప్రయోగం ఎందుకు మొదలైందో చెప్పాలి. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా ప్రాజెక్ట్ క్లయింట్ జపాన్ కంపెనీ. అక్కడి వాళ్లకీ ఇక్కడి డెవలపర్లకీ మధ్య మాట్లాడే ఇంజినీర్‌ని జపాన్‌లో బ్రిడ్జ్ ఎస్ఈ అంటారు. మా టీమ్‌లో అలాంటి పోస్ట్ ఒకటి ఖాళీ అయింది. క్లయింట్ మేనేజర్లతో ఇంటర్వ్యూ, మొత్తం జపనీస్‌లోనే. దానికి నేను, నా రూమ్మేట్, టెస్టింగ్ టీమ్‌లో పనిచేసే ఒకమ్మాయి అప్లై చేశాం. మాతో పాటు వీకెండ్ క్లాస్‌కి వచ్చే ఒక నర్స్ అక్క నాలుగో మనిషి. ఆవిడ జపాన్‌లో కేర్‌గివర్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతోంది. కోచింగ్ ఫీజుకి, ఇంట్లో పాత బాకీలకి కలిపి తీసుకున్న అప్పు ఉంది. ఆ ఉద్యోగం వస్తేనే అది తీరేది. అంటే మా నలుగురిలో ఎవరికీ ఇది టైమ్‌పాస్ కాదు.

గ్రామర్ అందరికీ వచ్చు. పేపర్ మీద రాయమంటే రాస్తాం. ఎదురుగా జపాన్ మనిషి కూర్చుని ఒక చిన్న ప్రశ్న అడిగితే మాత్రం 5 సెకన్లు నిశ్శబ్దం. అసలు సమస్య అదీ.

పరీక్ష ఉంది, మాట్లాడే పేపర్ లేదు

జపనీస్‌కి అందరూ రాసే పరీక్ష జేఎల్‌పీటీ. ఎన్5 నుంచి ఎన్1 వరకు 5 లెవెల్స్. మొత్తం 180 మార్కులు. పాస్ అవ్వాలంటే ఎన్5కి 80, ఎన్4కి 90, ఎన్3కి 95 రావాలి. ఎన్3లో భాషా పరిజ్ఞానానికి 60, రీడింగ్‌కి 60, లిజనింగ్‌కి 60. గమనించారా? స్పీకింగ్ లేదు. రైటింగ్ కూడా లేదు. అన్నీ ఆప్షన్లలోంచి ఎంచుకునే ప్రశ్నలే.

అక్కలాంటివాళ్లు రాసే జేఎఫ్‌టీ-బేసిక్ సంగతీ అంతే. స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాని జపాన్ 2019 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. 2021లో మన దేశంతో దాని మీద ఒప్పందం కుదిరింది. ఆ వీసాకి జేఎఫ్‌టీ-బేసిక్ గానీ, జేఎల్‌పీటీ ఎన్4 గానీ ఉండాలి. జేఎఫ్‌టీ-బేసిక్ కంప్యూటర్ మీద రాసేది, 250కి 200 వస్తే పాస్. అందులో సంభాషణ అనే సెక్షన్ ఉంది కానీ అక్కడ కూడా సరైన జవాబు మీద క్లిక్ చేయడమే. నోరు తెరిచి మాట్లాడక్కర్లేదు.

ఇలా ఉన్నప్పుడు కోచింగ్ కూడా పరీక్షకి తగ్గట్టే ఉంటుంది. 20 మంది ఉన్న క్లాస్‌లో గంటలో ఒక్కొక్కరికి మాట్లాడే ఛాన్స్ వచ్చేది 2, 3 నిమిషాలు. ఆ లోటుని ఇంట్లో, ఫోన్‌తో పూడ్చుకోవాలి. కొంతమంది సెన్సేలు హోమ్‌వర్క్‌గా వీడియోలు అడుగుతున్నారు. మీ సెన్సే అడగకపోయినా మీరే మొదలుపెట్టొచ్చు.

ఆడియో సరిపోదా? వీడియో ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. వాయిస్ రికార్డర్‌తో సగం పని అవుతుంది. మిగతా సగానికి కెమెరా కావాలి. కారణాలు మూడు.

ఒకటి, పెదవులు. మనం ఉ అనేటప్పుడు పెదవులు గుండ్రంగా చుట్టి ముందుకు తెస్తాం. జపనీస్ ఉ‌లో పెదవులు అంతగా ముందుకు రావు. అలాగే ఫు అనేటప్పుడు పై పళ్లు కింది పెదవిని తాకకూడదు. దీపం ఊదినట్టు గాలి వదలాలి. ఫుజి అన్న మాట రికార్డ్ చేసి చూడండి. పళ్లు పెదవికి తగిలాయో లేదో వీడియోలో క్లియర్‌గా కనిపిస్తుంది. ఆడియోలో అంత తేలిగ్గా పట్టుకోలేం.

రెండు, కళ్లు. రాసుకున్నది చదువుతున్నామా, నిజంగా మాట్లాడుతున్నామా అనేది కళ్లు చెప్పేస్తాయి. చదివేటప్పుడు కళ్లు ఎడమ నుంచి కుడికి జారుతూ ఉంటాయి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ చేసేవాళ్లకి ఇది ఇట్టే తెలిసిపోతుంది.

మూడు, తల. జపాన్ వాళ్లు వింటున్నప్పుడు తల కిందికి ఆడిస్తూ, హై, ఏ, సో దెసు నె అంటూ మధ్య మధ్యలో ఊ కొడతారు. దాన్ని ఐజుచి అంటారు. మన ఇళ్లలో కథ వింటూ ఊ కొట్టడం లాంటిదే. కాకపోతే మనవాళ్లలో చాలామంది సరే అనడానికి తలని పక్కలకి ఊపుతారు. ఎదుటివాళ్లకి అది అవునో కాదో అర్థం కాదు. ఈ అలవాటు మనలో ఉందని మనకే తెలియదు, వీడియోలో చూసేదాకా.

తెలుగువాళ్లకి ఉన్న ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు

వీడియో చూసుకునేటప్పుడు దేని కోసం చూడాలో తెలియకపోతే మన ముఖం ఎలా ఉందో చూసుకుని ఆగిపోతాం. అందుకే మా నలుగురి వీడియోలు చూసి తయారుచేసుకున్న లిస్ట్ ఇక్కడ ఇస్తున్నాను.

ముందు మంచి వార్త. హ్రస్వం, దీర్ఘం తేడా మనకి చిన్నప్పుడే వచ్చేస్తుంది. ఎ, ఏ, ఒ, ఓ విడివిడిగా ఉన్న లిపి మనది. కొకొ అంటే ఇక్కడ, కోకో అంటే హైస్కూల్. ఒబసన్ అంటే ఆంటీ, ఒబాసన్ అంటే అమ్మమ్మ. షుజిన్ అంటే భర్త, షూజిన్ అంటే ఖైదీ! ద్విత్వాక్షరాలూ అంతే. కితె అంటే వచ్చి, కిత్తె అంటే పోస్టల్ స్టాంప్. తెలుగులో రాసుకుంటే ఇవన్నీ కళ్లకి కట్టినట్టు కనిపిస్తాయి.

ఇంకో ప్లస్ పాయింట్, స్కూల్లో ఛందస్సు చదివాం కదా, అది ఇక్కడ పనికొస్తుంది. జపనీస్‌ని మాత్రల్లో లెక్కపెడతారు. లఘువు 1, గురువు 2 అన్న మన లెక్క చాలావరకు అక్కడా సరిపోతుంది. నిహొన్ అంటే 3 మాత్రలు, నిప్పొన్ అంటే 4, తోక్యో అంటే 4. ఇప్పుడు ఒసాకా చూడండి. పేపర్లలో మనం రాసేది ఒసాకా, 5 మాత్రలు. జపాన్ వాళ్లు అనేది ఓసక, 4 మాత్రలు. మనం క్యోటో అంటాం, వాళ్లు క్యోతొ అంటారు. వీడియోలో చేత్తో టేబుల్ మీద తట్టుకుంటూ మాట్లాడితే మాత్రలు తప్పవు.

త్సు అనే శబ్దం ఇంగ్లిష్ మీడియం వాళ్లని ఇబ్బంది పెడుతుంది. కానీ చుట్టం, చుక్క అనే మాటల్లో మనం పలికే చ ఉంది చూశారా, నాలిక పళ్ల దగ్గరికి వెళ్లే చ, అది దానికి బాగా దగ్గరగా ఉంటుంది. చుక్క అన్నట్టే త్సుకి అనండి, చంద్రుడు వచ్చేస్తాడు.

ఇక మైనస్‌లు. మొదటిది ట, డ. ఇంగ్లిష్ మాటల్ని మనం ట, డ లతో పలుకుతాం. జపాన్ వాళ్లు త, ద లకి దగ్గరగా పలుకుతారు. వాళ్లకి టెస్ట్ అంటే తెసుతొ, డేటా అంటే దేత, పాస్‌వర్డ్ అంటే పసువాదొ. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది రోజూ వచ్చే తలనొప్పి. సర్వర్‌ని సాబా అనాలి. దీర్ఘాలు మింగేసి సబ అంటే అది ఒక రకం చేప. ఎర్రర్‌ని ఎరా అంటారు. మా రూమ్మేట్ మీటింగ్ ప్రాక్టీస్ చేస్తుంటే పక్క గదిలోవాళ్లు ఎవర్నో ఏరా అని పిలుస్తున్నాడనుకున్నారు.

రెండోది సున్న. మన సున్న లాగే వాళ్ల న్ కూడా తర్వాతి అక్షరాన్ని బట్టి మారుతుంది. కానీ దాని తర్వాత అచ్చు వస్తే మనం కలిపేస్తాం. కిన్‌ఎన్ అంటే పొగ తాగడం నిషేధం. కలిపేసి కినెన్ అంటే జ్ఞాపకార్థం. న్ దగ్గర ఒక మాత్ర ఆగాలి.

మూడోది చివరి ఉ. మనది అచ్చుతో ముగిసే భాష. బస్సు, కారు అని ఉ చేర్చడం మన అలవాటు. వాళ్లూ బస్‌ని బసు అంటారు. అయితే దెసు, మసు లాంటి చోట్ల మామూలు మాటల్లో ఆ ఉ దాదాపు వినపడదు, దెస్ లాగా ఉంటుంది. మనం దెసూ అని సాగదీస్తే వెంటనే తెలిసిపోతుంది.

నాలుగోది స్వరం ఎత్తు, అంటే పిచ్. హషి అన్న మాటని టోక్యో పద్ధతిలో ముందు ఎత్తి తర్వాత దించితే చాప్‌స్టిక్స్, ముందు తగ్గించి తర్వాత ఎత్తితే వంతెన. అమె ఎత్తి దించితే వాన, దించి ఎత్తితే తీపి మిఠాయి. తెలుగులో ఇలాంటి తేడా లేదు కాబట్టి చెవికి అలవాటు కావడానికి టైమ్ పడుతుంది. మొదటి నెలలో దీని జోలికి వెళ్లకండి. మాత్రలు సరిగ్గా పడితే చాలు.

ఫోన్ సెటప్: ఖరీదైనది అక్కర్లేదు

ఇప్పుడు మన సబ్జెక్ట్‌లోకి వద్దాం. మా నలుగురిలో ఒకరిదే ఐఫోన్, మిగతావి బడ్జెట్ ఆండ్రాయిడ్‌లు. ఈ పనికి వాటి మధ్య పెద్ద తేడా కనిపించలేదు.

రిజల్యూషన్: 720పి సరిపోతుంది, 1080పి, 30 ఫ్రేమ్స్ అయితే ఇంకా మంచిది. 4కె వద్దు. ఐఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో నిమిషానికి ఎంత స్టోరేజ్ పడుతుందో రాసి ఉంటుంది. 720పికి సుమారు 40 ఎంబీ, హై ఎఫిషియెన్సీ ఫార్మాట్‌లో 1080పికి 60 ఎంబీ, 4కెకి 170 ఎంబీ. వారానికి 5 వీడియోలు, ఒక్కోటి నిమిషం అనుకుంటే 8 వారాలకి 1080పిలో 2.4 జీబీ. గూగుల్ అకౌంట్‌లో ఫ్రీగా వచ్చే 15 జీబీలో హాయిగా పడుతుంది.

మైక్: కెమెరా కన్నా ఇది ముఖ్యం. ఫోన్ మీకు అర మీటర్ లోపు ఉండాలి. ఫ్యాన్ ఆపేయండి. ఎండాకాలంలో కష్టమే కానీ నిమిషం పనే కదా. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మైక్ వాడకండి. కాల్ మోడ్‌లో వాటి మైక్ సాధారణంగా 8 లేదా 16 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో పనిచేస్తుంది. 8 అయితే 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్న శబ్దం మొత్తం పోతుంది. స, ష, త్సు ల్లో తేడా ఎక్కువగా ఉండేది అక్కడే. మీరు సరిగ్గా పలికినా మైక్ తినేస్తుంది. ఫోన్ సొంత మైక్ గానీ, మైక్ ఉన్న వైర్డ్ ఇయర్‌ఫోన్స్ గానీ బెస్ట్.

వెలుతురు: కిటికీ మీ వెనక కాదు, ముందు ఉండాలి. ట్యూబ్‌లైట్ అయినా ఎదురుగా ఉంటే పెదవులు స్పష్టంగా కనిపిస్తాయి. బ్యూటీ మోడ్ ఆఫ్ చేయండి. కొన్ని ఫోన్లలో అది నోటి అంచుల్ని కూడా మెత్తగా చేసేస్తుంది.

మిర్రర్: కంజీ కార్డ్ పట్టుకుని చూపిస్తూ మాట్లాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఫ్రంట్ కెమెరా ప్రివ్యూలో అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. సేవ్ అయిన వీడియోలో సరిగ్గా రావాలంటే సెట్టింగ్స్‌లో మిర్రర్ ఆప్షన్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి.

స్టాండ్: 4 పుస్తకాలు, ఒక గ్లాస్. కెమెరా కళ్ల ఎత్తులో ఉంటే చాలు. రికార్డింగ్‌కి ముందు ఫ్లైట్ మోడ్ ఆన్ చేయండి, లేకపోతే సరిగ్గా వాక్యం మధ్యలో లోన్ కావాలా అని ఫోన్ వస్తుంది.

5 వీడియో టాస్కులు

ఏదో ఒకటి మాట్లాడండి అంటే ఎవరూ మాట్లాడలేరు. టాపిక్, టైమ్ రెండూ ఫిక్స్ అయ్యి ఉండాలి.

1. జికొషోకై, 30 సెకన్లు. అంటే సెల్ఫ్ ఇంట్రడక్షన్. హజిమెమషితె తో మొదలై పేరు, ఊరు, పని, ఒక ఇష్టం, చివర యొరొషికు ఒనెగై షిమసు. బట్టీ పట్టింది వినపడకూడదు. అందుకే ఒక్కోసారి ఒక్కో వ్యక్తికి చెప్తున్నట్టు ఊహించుకోండి, ఒకసారి మేనేజర్‌కి, ఒకసారి పక్కింటి ముసలావిడకి.

2. హోరెన్‌సో, 60 సెకన్లు. జపాన్ ఆఫీసుల్లో మొదట నేర్పేది ఇదే. హోకొకు అంటే రిపోర్ట్, రెన్‌రకు అంటే సమాచారం చేరవేయడం, సోదన్ అంటే సలహా అడగడం. మూడింటి మొదటి భాగాలు కలిపితే హోరెన్‌సో. అదే మాటకి పాలకూర అని కూడా అర్థం. ఈరోజు ఏం చేశాం, ఏం మిగిలింది, దేనికి సలహా కావాలి అని మూడు ముక్కల్లో చెప్పాలి. షిన్‌చొకు అంటే పని ఎంతవరకు వచ్చింది, నోకి అంటే డెలివరీ డేట్, ఫుగుఐ అంటే లోపం. ఐటీ వాళ్లకి ఈ మూడు మాటలు నోటికి రావాలి.

3. మీ ఫోన్ రివ్యూ, 90 సెకన్లు. ఇది మన వెబ్‌సైట్ పాఠకులకి స్పెషల్. చేతిలో సుమహొ, అంటే స్మార్ట్‌ఫోన్ పట్టుకుని గమెన్ అంటే స్క్రీన్, జూదెన్ అంటే చార్జింగ్, బరువు, ధర గురించి మాట్లాడండి. వస్తువు చేతిలో ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. పేచా కుచా తెలిసే ఉంటుంది, 2003లో టోక్యోలో పుట్టిన ప్రెజెంటేషన్ పద్ధతి. 20 స్లైడ్లు, ఒక్కోటి 20 సెకన్లు. మనకి 20 ఎక్కువ. 5 ఫోటోలు చాలు.

4. వంట, 90 సెకన్లు. పెసరట్టు ఎలా వేయాలో చెప్పండి. మజు అంటే ముందుగా, త్సుగి ని అంటే తర్వాత, సైగొ ని అంటే చివరగా. వరుస చెప్పడం వస్తే పనిలో ఏ ప్రాసెస్ అయినా చెప్పగలరు.

5. ఇద్దరి సంభాషణ, 2 నిమిషాలు. ఒకరు ప్రశ్న అడగాలి, ముందు చెప్పకూడదు. అక్క కోసం మేము పేషెంట్ రోల్ చేశాం. నొప్పి ఎలా ఉందో చెప్పడానికి జపనీస్‌లో బోలెడు జంట మాటలు. జుకిజుకి అంటే సలుపుతున్న నొప్పి, చికుచికు అంటే సూదితో పొడిచినట్టు, గన్‌గన్ అంటే తల పగిలిపోయేలా. సలుపు, పోటు, చురుకు అని తేడాగా చెప్పుకునే మనకి ఇవి త్వరగానే పట్టుబడతాయి. ముసలివాళ్లు బాధలో ఉన్నప్పుడు నిఘంటువు మాటలు మాట్లాడరు, ఇవే మాట్లాడతారు. అందుకే అక్క ఈ టాస్క్‌ని అందరికన్నా ఎక్కువసార్లు చేసింది.

తీయడం సగమే, చూడటం మిగతా సగం

మా దగ్గర బాగా పనిచేసిన పద్ధతి ఇది. స్క్రిప్ట్ రాయకూడదు. చిన్న చీటీ మీద 5 కీవర్డ్స్ మాత్రమే. మొదటి టేక్ ఎలా వచ్చినా డిలీట్ చేయకూడదు.

తర్వాత 3 సార్లు చూడాలి. ముందు కళ్లు మూసుకుని శబ్దం మాత్రమే. తర్వాత మ్యూట్ చేసి బొమ్మ మాత్రమే. చివరికి రెండూ కలిపి, పెన్ను పట్టుకుని, మీరు అన్నది అన్నట్టుగా రాయాలి. ఎతో, అనో, మధ్యలో దొర్లిన సో, బేసిగ్గా, అంటే, ఏంటంటే, అన్నీ రాయాల్సిందే. ఇది విసుగు పుట్టించే పని. కానీ అసలు ఫలితం వచ్చేది ఇక్కడే. మీరు రోజూ తప్పించుకు తిరిగే క్రియారూపం ఏదో, ఎక్కడ ఆగిపోతున్నారో కాగితం మీద కనిపిస్తుంది.

ఆ కాగితం మీద రెండే రెండు విషయాలు సరిచేసుకోండి. పది పెట్టుకుంటే నోరు మళ్లీ మూతపడుతుంది. తర్వాత అదే టాపిక్ ఇంకోసారి, తక్కువ టైమ్‌లో. భాషా బోధనలో 4-3-2 అని ఒక పద్ధతి ఉంది. ఒకే విషయాన్ని ముందు 4 నిమిషాల్లో, తర్వాత 3, తర్వాత 2 నిమిషాల్లో చెప్పిస్తారు. మేము దాన్ని 90, 60, 45 సెకన్లుగా మార్చుకున్నాం. మూడో టేక్‌కి మాటలు వెతుక్కోవడం తగ్గి ధార వస్తుంది.

గ్రూప్‌లో ఫీడ్‌బ్యాక్‌కి కూడా రూల్ పెట్టుకోండి. ఒక మంచి విషయం, ఒక మార్చాల్సిన విషయం, వీడియోలో ఏ సెకన్ దగ్గరో చెప్పాలి. 0:23 దగ్గర దీర్ఘం పోయింది అంటే పనికొస్తుంది. ఇంకాస్త ఫ్లూయెంట్‌గా ఉండాలి అంటే ఎవరికీ పనికిరాదు.

పనికొచ్చే యాప్స్, టూల్స్

జీబోర్డ్ వాయిస్ టైపింగ్: కీబోర్డ్ లాంగ్వేజెస్‌లో జపనీస్ యాడ్ చేసి, మైక్ నొక్కి మాట్లాడండి. మీరన్నది ఎలా టైప్ అయిందో చూడండి. ఒక చిట్కా, పూర్తి వాక్యం చెప్తే సందర్భాన్ని బట్టి అదే సరిచేసేస్తుంది. కాబట్టి ఒబసన్, ఒబాసన్ లాంటి జంటల్ని విడి మాటలుగా చెప్పి టెస్ట్ చేయండి. పిచ్ తేడాలకి మాత్రం దీన్ని నమ్మకండి.

ఒజాద్: యూనివర్సిటీ ఆఫ్ టోక్యో వాళ్లు తయారుచేసిన ఆన్‌లైన్ యాక్సెంట్ డిక్షనరీ. అందులో సుజుకి-కున్ అనే టూల్‌లో మీ వాక్యం పేస్ట్ చేస్తే స్వరం ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో గీత గీసి చూపిస్తుంది, చదివి వినిపిస్తుంది. ఫ్రీ.

ప్రాట్: పీసీ ఉన్నవాళ్లకి. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఫ్రీ సాఫ్ట్‌వేర్. వీడియోలోంచి ఆడియోని డబ్ల్యూఏవీ ఫైల్‌గా తీసి ఇందులో ఓపెన్ చేస్తే మీ గొంతు పిచ్ గ్రాఫ్ కనిపిస్తుంది. సుజుకి-కున్ గీత పక్కన పెట్టి చూసుకోవచ్చు. చూడటానికి పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, పని మాత్రం గట్టిది.

వీఎల్‌సీ: స్పీడ్ 0.75కి తగ్గించి, ఏ-బీ రిపీట్‌తో ఒకే ముక్కని మళ్లీ మళ్లీ వినొచ్చు.

వాట్సాప్: గ్రూప్‌లో షేర్ చేయడానికి ఈజీ. కానీ మామూలుగా పంపితే వీడియో కంప్రెస్ అవుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఒరిజినల్ క్వాలిటీ ఉంటుంది.

ఇంకో మాట. వీడియోలన్నీ ఏదో ఒక ఎడ్యుకేషన్ యాప్‌లోనే ఉంచకండి. టీచర్లు బాగా వాడిన ఫ్లిప్‌ని మైక్రోసాఫ్ట్ 2018లో కొని, 2024లో విడి యాప్‌గా ఆపేసింది. మీ ఫోల్డర్ మీ దగ్గరే ఉండాలి. తేదీ, టాపిక్, టేక్ నంబర్‌తో ఫైల్ పేరు పెట్టుకుంటే తర్వాత వెతుక్కోవడం తేలిక.

ప్రైవసీ విషయంలో జాగ్రత్త

క్లయింట్ మీటింగ్స్ ఎప్పుడూ రికార్డ్ చేయకండి. ఉద్యోగానికే ఎసరు. ప్రాక్టీస్‌లో కూడా అసలు ప్రాజెక్ట్ పేర్లు, కస్టమర్ పేర్లు వాడకండి. అక్కలాంటి హెల్త్ ఫీల్డ్ వాళ్లు నిజమైన పేషెంట్ వివరాలు అస్సలు చెప్పకూడదు.

గ్రూప్‌లో ముఖం చూపించడం అందరికీ ఇష్టం ఉండకపోవచ్చు. టెస్టింగ్ టీమ్ అమ్మాయి మొదటి 3 వారాలు కెమెరాని చేతుల వైపు, ముందున్న వస్తువు వైపు పెట్టి తీసింది. ముఖం ఉన్న వీడియో తన ఫోన్‌లోనే ఉంచుకుని తానొక్కతే చూసుకుంది. అలా చేసినా పద్ధతి పనిచేస్తుంది. ఎవరినీ బలవంతం చేయొద్దు. ఇంకొకరి వీడియోని అడక్కుండా ఫార్వర్డ్ చేయొద్దు, స్టేటస్ పెట్టొద్దు. యూట్యూబ్‌లో పెట్టాలనిపిస్తే ప్రైవేట్‌గా ఉంచండి. అన్‌లిస్టెడ్ అంటే లింక్ దొరికిన ఎవరైనా చూడొచ్చని గుర్తుంచుకోండి.

8 వారాల తర్వాత ఏమైంది?

మొదటి వారం తీసిన హోరెన్‌సో వీడియోని, ఎనిమిదో వారం వీడియోని పక్కపక్కన పెట్టి నలుగురం కలిసి చూశాం. స్పష్టంగా కనిపించిన మార్పులు మూడు. వాక్యం మధ్యలో ఆగే ఖాళీలు చిన్నవయ్యాయి. సో, అంటే బదులు ఎతో, అనో వస్తున్నాయి. ఆలోచించుకోవడానికి తీసుకునే టైమ్ కూడా జపనీస్‌లోనే ఉంది. ఇక తల, కళ్లు కుదురుగా ఉన్నాయి.

మారనివి కూడా చెప్పాలి. పిచ్ మీద మా పట్టు ఇంకా అంతంతమాత్రమే. గౌరవవాచక భాష, అంటే కెయిగొ, వీడియోలతో రాదు. దానికి తప్పు పట్టుకునే సెన్సే ఉండాల్సిందే. కెమెరా తిరిగి ప్రశ్న అడగదు కాబట్టి అనుకోని ప్రశ్నకి జవాబివ్వడం కూడా మనుషులతోనే రావాలి. అందుకే వారానికి ఒక్క లైవ్ సంభాషణ అయినా తప్పకుండా పెట్టుకోండి.

ఇంటర్వ్యూల సంగతి. బ్రిడ్జ్ పోస్ట్ టెస్టింగ్ టీమ్ అమ్మాయికి వచ్చింది. మా ముగ్గురిలో ఆమెకే అర్హత ఎక్కువ, అందులో సందేహం లేదు. మొదట్లో ముఖం చూపించని ఆమె ఇప్పుడు రోజూ పొద్దున్నే క్లయింట్ కాల్‌లో కెమెరా ఆన్ చేసి మాట్లాడుతోంది. నాకు, రూమ్మేట్‌కి రాలేదు, తర్వాతి ఛాన్స్ కోసం ప్రాక్టీస్ కొనసాగిస్తున్నాం. అక్క వీడియో ఇంటర్వ్యూలో మోకాలి నొప్పి ఉన్న పెద్దావిడతో ఎలా మాట్లాడతారో చేసి చూపించమన్నారట. జుకిజుకి దెసు కా అని అడుగుతూ తల కాస్త వంచి విన్నానని చెప్పింది. ఆఫర్ వచ్చింది, వీసా పనులు నడుస్తున్నాయి. అప్పు తీరడానికి ఇంకా టైమ్ పడుతుంది కానీ దారి కనిపించింది. ఇదంతా వీడియోల వల్లే జరిగిందని నేను అనను. చదువు వాళ్లదే. చదివింది నోటిదాకా రావడానికి మాత్రం ఇవి సాయపడ్డాయి.

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి కాదు

హిరగానా, కతకనా వచ్చి, ఎన్5 స్థాయి వాక్యాలు చెప్పగలిగే ఎవరైనా మొదలుపెట్టొచ్చు. ఎన్4, ఎన్3 పాసై ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్లకి లాభం ఎక్కువ. ఇంకా అక్షరాల దగ్గరే ఉన్నవాళ్లు మాత్రం ముందు వినడం మీద దృష్టి పెట్టండి. జపాన్ ఫౌండేషన్ వాళ్ల ఇరొదొరి కోర్సు పుస్తకాలు, ఆడియో ఫ్రీగా దొరుకుతాయి, వాటితో మొదలుపెట్టొచ్చు.

దీని కోసం కొత్త ఫోన్, రింగ్ లైట్, మైక్ ఏవీ కొనకండి. నిజంగా ఖర్చు పెట్టాలనుకుంటే ఆ డబ్బుతో సెన్సే దగ్గర 2, 3 వన్-టు-వన్ క్లాసులు తీసుకోండి, మీ వీడియోలు చూపించి సలహా అడగండి. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్‌లోనే ఈ రాత్రి 30 సెకన్ల జికొషోకై తీయండి. ఎలా వచ్చినా సేవ్ చేసి, ఫైల్ పేరులో ఈరోజు తేదీ పెట్టండి. రెండు నెలల తర్వాత దాంతో పోల్చి చూసుకోవడానికి అది కావాలి.